అడిగినవారు లేక చెప్పలేదు



ఈ శీర్షికలో ఇంతవరకు ఎక్కువగా శరీరమునకు వచ్చే జబ్బుల గురించి చెప్పుకున్నాము. ఈ నెల మనస్సుకు వచ్చే జబ్బు గురించి, ముఖ్యముగా ఆ జబ్బులో ఉన్న మనిషితో ఎలా మాట్లాడవలెనో వ్రాస్తున్నాము. ఈ సంగతిలో మా తప్పు ఒకటి ఉన్నది. దానిని ఒప్పుకొనకుండా మీకు బోధించుట న్యాయము కాదు గనుక ముందు అదే చెప్తాము.

2021-22 పంటకాలములో మన మెట్ట ప్రాంతపు మిరప తోటల మీద తామర పురుగు పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది పూతలో చేరి రసము పీల్చి, పూవు పిందె కాకముందే రాలగొట్టింది. నందిగామ, జగ్గయ్యపేట వైపు ఎందరో రైతులు కాపు చూడకుండానే తోటలు పీకివేశారు. ఆ రెండు ఊళ్ళ మధ్యనున్న ఒక పల్లెలో మన విశ్వాసి ఒకరు మూడెకరములు కౌలుకు తీసుకుని మిరప వేశారు. ఎకరమునకు లక్ష రూపాయలు దాటిన పెట్టుబడి. అందులో కొంత బ్యాంకుది, ఎక్కువ భాగము వడ్డీకి తెచ్చినది. తోట పోయింది, అప్పు మిగిలింది. (ఆ కుటుంబము అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. వారిని గుర్తుపట్టకుండా కొన్ని వివరములు మార్చినాము.)

ఆదివారము ఆరాధనలో ముందు వరుసలో కూర్చుని డప్పు పట్టుకునే మనిషి, మొదట వెనుక వరుసకు వెళ్ళారు. తరువాత రావడమే మానివేశారు. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో కూర్చుంటున్నారని, అన్నము ముందు పెడితే కలిపి వదిలేస్తున్నారని భార్య వచ్చి చెప్పింది. మేము సంఘ పెద్దలను ఇద్దరిని తీసుకుని మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళాము. వెళ్ళిన ప్రతిసారీ ఒక కీర్తన పాడాము, వాక్యము చదివాము, చాలాసేపు ప్రార్థన చేశాము. "ధైర్యముగా ఉండండి, దేవుడు చూసుకుంటాడు" అన్నాము. "మీ ఒక్కరికే కాదు గదా, ఊరంతా నష్టపోయింది" అన్నాము. ఒక పెద్ద, "విశ్వాసము గలవాడు ఇట్లా కుంగిపోవచ్చునా?" అని గద్దించారు కూడా. ఆయన తల ఊపుతూ విన్నారు. మేము టీ త్రాగి వచ్చాము.

ఒక నెల తరువాత ఆయన భార్య తరఫు చుట్టము, నర్సుగా పనిచేసే అమ్మాయి, చూడడానికి వచ్చి ఆయన వాలకము గమనించి, పట్టుబట్టి విజయవాడలోని ఒక ఆసుపత్రికి తీసుకుని వెళ్ళింది. అక్కడ పన్నెండు రోజులు ఉన్నారు. తిరిగి వచ్చిన తరువాత మేము చూడబోయినప్పుడు ఆయన మాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, మీరు వచ్చినప్పుడల్లా మంచి మాటలే చెప్పారు. కానీ నీకెట్లా ఉందిరా అని ఎవరూ అడగలా. అడిగినోళ్ళు లేక నేను చెప్పలా."

ఆ మాట మమ్మును పొడిచింది. మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ మేమే మాట్లాడి వచ్చాము. ఆ ఇంటిలో ఒక మనిషి చావు గురించి ఆలోచిస్తున్నాడని మాకు తెలియలేదు.

ఆసుపత్రిలో జరిగినది

ఆ పన్నెండు రోజులలో ఏమి జరిగిందో ఆయన, భార్య మాకు వివరముగా చెప్పారు. డాక్టరుగారు మందులు వ్రాశారు. ఆ మందులు పనిచేశాయి, దానిని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ఆయనకు గుర్తున్నది మాత్రము ఒక నర్సు. మొదటి రోజున ఆమె మంచము దగ్గరకు వచ్చి, నిలువబడి మాట్లాడక స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, తన పేరు చెప్పింది. "బాబాయ్ గారూ, రాత్రి ఎనిమిదింటిదాకా నా డ్యూటీ. నాలుగింటికి వచ్చి పది నిమిషాలు మీ దగ్గర కూర్చుంటాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే లేదు" అన్నది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాలుగింటికి ఆమె వచ్చింది. పది నిమిషములు కూర్చుంది. ఆయన మాట్లాడలేదు, ఆమె కూడా మాట్లాడలేదు. "రేపు మళ్ళీ ఇదే వేళకు వస్తాను" అని లేచింది. రెండవ రోజు కూడా అంతే. మూడవ రోజున ఆయనే నోరు తెరిచి, "నీకు వేరే పనేం లేదామ్మా?" అన్నారు. "ఇది కూడా నా పనే బాబాయ్ గారూ" అన్నది నవ్వి.

కొంతసేపటికి ఆయన, "చేను వైపు పోబుద్ది కావటంలా" అన్నారు. మనమైతే వెంటనే, "పోకపోతే ఎట్లా, సేద్యము మానుకుంటావా?" అని ఉండేవారము. ఆమె అలా అనలేదు. "చేను వైపు పోబుద్ది కావటంలేదు..." అని ఆయన మాటనే మెల్లగా తిరిగి అని ఊరుకుంది. అప్పుడు మాట సాగింది. తోట, అప్పు, ఇంటికి వచ్చి అడిగి పోయిన వడ్డీ మనిషి, చదువు ఆపి పనికి పోతానన్న కొడుకు, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

అంతా విన్న తరువాత ఆమె తిన్నగా అడిగింది: "ఇంత బరువు మోసేవాళ్ళకు ఒక్కోసారి బతకాలని లేదనిపిస్తుంది. మీకు అట్లా అనిపిస్తోందా బాబాయ్ గారూ?" ఆయన ఏడ్చారు. నెల రోజులుగా అదే ఆలోచన అని ఒప్పుకున్నారు. పక్కనే ఉన్న భార్యకు కూడా అప్పుడే తెలిసింది. నర్సు భయపడలేదు, కోపపడలేదు, "పిల్లల మొహం చూసి అయినా ఆ మాట అనొచ్చునా" అని నిందించలేదు. "చెప్పి మంచిపని చేశారు. ఇది మీ ప్రాణం సంగతి గనుక డాక్టరుగారికి చెప్పి తీరాలి, ఇది దాచను. మీ అప్పుల సంగతి, ఇంటి సంగతి మాత్రం నా దగ్గరనుంచి బయటకు పోవు" అన్నది.

ఇది ఆమె నేర్చుకున్న విద్య

ఆ అమ్మాయిది మంచి స్వభావము, అందుకే అలా మాట్లాడింది అని మేము మొదట అనుకున్నాము. మన సంఘములో నర్సుగా పనిచేసే ఒక సహోదరిని అడుగగా, "స్వభావమొక్కటే కాదండి, ఇది మేము చదివి పరీక్ష వ్రాసే పాఠము" అని చెప్పింది. దానిని థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అంటారు. మన మాటలో చెప్పవలెనంటే స్వస్థత కొరకైన సంభాషణ. నర్సింగు విద్యార్థినులు మానసిక వైద్య విభాగములో శిక్షణ పొందేటప్పుడు, రోగి ఏమన్నాడో, తానేమన్నదో, ఆ సమయములో తన మనస్సులో ఏమి అనిపించిందో మాట మాటకు కాగితము మీద వ్రాసి టీచరుకు చూపించాలి. ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చింది, ఎక్కడ మాట మళ్ళించింది, టీచరు గీత గీసి చూపిస్తుంది. ఇప్పటి పుస్తకములలో రోగి అనుటకు బదులు క్లయింటు అని కూడా వ్రాస్తున్నారట. తన వైద్యములో తనకును మాట ఉన్న మనిషి అని దాని భావము.

ఈ విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యురాలు హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికా నర్సు (1909-1999). నర్సుకు రోగికి మధ్య ఏర్పడే సంబంధమే వైద్యములో ఒక భాగమని ఆమె 1952లో ఒక పుస్తకములో వివరించింది. డాక్టరు పేరు తోడు లేకుండా ఒక నర్సు అటువంటి పుస్తకము వ్రాయడము ఆ రోజులలో వింత. అందుచేత అది అచ్చు కావడానికే కొన్ని సంవత్సరములు ఆలస్యమైనది. ఈనాడు ఆమెను మానసిక నర్సింగునకు తల్లి అంటారు.

మన సహోదరి చెప్పిన పాఠములో ఇంటిలో మనకు పనికివచ్చే సంగతులు కొన్ని క్రింద వ్రాస్తున్నాము.

మొదటిది, కూర్చోవడము. మంచము మీద ఉన్నవాని తలమీద నిలువబడి మాట్లాడితే అది విచారణ వలె ఉంటుంది. పక్కన, ఆయన కళ్ళ ఎత్తులో కూర్చోవాలి. వస్తానన్న వేళకు రావాలి. మనస్సు చెదిరినవానికి పెద్ద వాగ్దానములు అక్కరలేదు. నాలుగింటికి వస్తానన్న మనిషి నాలుగింటికి రావడము చాలు, అక్కడ నుండి నమ్మకము మొదలవుతుంది.

రెండవది, అడిగే తీరు. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నా" అని, "బాగున్నావా?" అంటే "బాగున్నా" అని జవాబు వస్తుంది. అంతటితో మాట ఆగిపోతుంది. "ఈ వారం రోజులు ఎట్లా గడిచినయి?" అంటే చెప్పుకొనడానికి చోటు ఉంటుంది. "ఎందుకిట్లా చేశావు?" అనే ప్రశ్న మాత్రము వద్దు. ఎందుకు అంటే తప్పు పట్టినట్లే వినబడుతుంది.

మూడవది, మౌనము. ఇది మనకు అన్నింటికంటే కష్టము. ఎదుటివాడు మాట్లాడకపోతే మనము వెంటనే మాటలతో ఆ ఖాళీ నింపివేస్తాము. ఆయన మాట కూడదీసుకుంటున్నాడేమో, కొంచెము ఆగండి.

నాలుగవది, అబద్ధపు ధైర్యము చెప్పకపోవడము. "ఏమీ కాదు, అన్నీ సర్దుకుంటాయి" అనడము తేలిక. సర్దుకోవని ఆయనకు తెలుసు. ఆ మాట విన్న వెంటనే, ఈ మనిషికి నా బాధ అర్థము కాలేదు అనుకుని మూసుకుంటాడు. "చాలా కష్టముగా ఉన్నది మీకు" అని ఒప్పుకోవడములో ఎక్కువ ఆదరణ ఉన్నది.

ఐదవది, లేని మాటలు వినబడేవారి సంగతి. కొందరికి ఎవరో తిడుతున్నట్లు, బెదిరిస్తున్నట్లు చెవిలో మాటలు వినబడతాయి. "అదంతా నీ భ్రమ" అని వాదిస్తే ఉపయోగము లేదు, "అవును, నాకూ వినబడుతోంది" అనడము మోసము. "నాకు ఆ మాటలు వినబడటంలేదు. కానీ నీకు వినబడుతున్నాయని, భయంగా ఉందని నాకు తెలుస్తోంది. నేను నీ దగ్గరే ఉన్నాను" అనమని నర్సులకు నేర్పిస్తారు. సత్యము, ప్రేమ రెండును అందులో ఉన్నవి.

ఆరవది, గుట్టు కాపాడటము. దీని దగ్గర మన సంఘములు నిజముగా పరీక్షించుకోవాలి. ఒక స్త్రీ తన ఇంటి దుఃఖము ఒక్కరి చెవిలో చెప్పుకుంటే, బుధవారపు కూటములో అది ప్రార్థన మనవియై, గురువారము బోరింగు దగ్గర కథయై పోతున్నది. "ఫలానా అమ్మాయికి మతి సరిగా లేదట, ప్రార్థన చేయండి" అని పేరు పెట్టి చెప్పడము వలన ఆ పిల్లకు వచ్చిన సంబంధము తప్పిపోయిన సంగతి మాకు తెలుసు. ఆసుపత్రిలో నర్సు నోరు కట్టుకుని ఉండగా, దేవుని ఇంటిలో మనము కట్టుకొనకపోతే ఎట్లా? ప్రాణాపాయము ఉన్న మాట ఒక్కటే దాచకూడదు. అది కూడా చెప్పవలసినవారికే చెప్పాలి.

ఏలీయాతో దేవుడు మాట్లాడిన విధము

ఇవన్నీ లోక జ్ఞానము, మనకు వాక్యము చాలదా అని కొందరు అనవచ్చును. వాక్యమునే చూడండి. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా ప్రవక్త యెజెబెలుకు భయపడి అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసుకొమ్మని దేవుని అడిగినాడు. కర్మెలు మీద అగ్ని దిగివచ్చుట చూసినవాడు! ఆయనకు విశ్వాసము లేదని ఎవరు అనగలరు? దేవుడు ఆయనను గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. హోరేబు చేరిన తరువాత, ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. ఏలీయా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. దేవుడు అదే ప్రశ్న రెండవసారి అడిగాడు. ఏలీయా అదే గోడు తిరిగి చెప్పాడు. ఇందాక చెప్పావు గదా అని దేవుడు విసుగుకొనలేదు. రెండుసార్లు విన్న తరువాతనే ఆయనకు చేయవలసిన పని, తోడుగా ఎలీషాను చూపించాడు. నిద్ర, ఆహారము, ప్రశ్న, వినడము, ఆ తరువాతనే సలహా. మేము ఆ రైతు ఇంటిలో మొదలుపెట్టినదే చివరిదానితో.

యోబు స్నేహితులను మనము తరచు తప్పుపడతాము. కానీ వారు మొదట చేసినది మేలైన పనియే. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఆయనతో నేల మీద కూర్చుని ఒక్క మాటయైనా పలుకలేదు (యోబు 2:13). నోరు తెరిచి కారణములు వెదకిన తరువాతనే చెడిపోయినది. దుఃఖములో ఉన్నవాని ముందు హుషారు పాటలు పాడితే వాని చలి పెరుగునే గాని తగ్గదని సామెతల గ్రంథము (25:20) భావము. మన ప్రభువు కూడా బర్తిమయి గ్రుడ్డివాడని చూచి కూడ, నీకేమి కావలెనని అడిగి, అతని నోటనే చెప్పించాడు (మార్కు 10:51).

ప్రార్థన, వైద్యము

మానసిక వైద్యము చేయించుకుంటే అవిశ్వాసమని ఇంకను మన పల్లెలలో కొందరు చెప్తున్నారు. ఇ. స్టాన్లీ జోన్స్ అనే మెథడిస్టు మిషనరీ పేరు మీరు విని ఉంటారు. ఆయన 1907లో మన దేశమునకు వచ్చి, కొన్ని సంవత్సరములలోనే మనస్సు, నరములు కుప్పకూలి పని ఆపుకొనవలసి వచ్చింది. ఆ సంగతి ఆయన దాచుకొనలేదు. ఆయనే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యాలయము స్థాపించాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక వైద్య కేంద్రము తెరిచారు. అక్కడ రోగితోపాటు ఇంటివారు ఒకరు ఉండాలనే పద్ధతి పెట్టారు. ఇంటివారు ఆ కొద్ది రోజులలో మాట్లాడే విధము నేర్చుకుని వెళ్తే ఇల్లు నిలుస్తుందని దానిలోని ఆలోచన. నర్సు చేతిలో రోగి ఉండేది పది పన్నెండు రోజులు. మన చేతిలో ఉండేది ఏండ్ల తరబడి.

ప్రార్థన మందిరముల దగ్గర గొలుసులతో కట్టి ఉంచడము మాత్రము ఎవరు చేసినా పాపమే, నేరమే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కొరకు తీసుకుని వచ్చి గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు పాక అంటుకుని పారిపోలేక కాలి చనిపోయారు. అది వేరొకరి చోటు గదా అని మనము చేతులు దులుపుకోరాదు. స్వస్థత కూటములకు మన వారు కూడ రోగులను చేతులు కట్టి తెచ్చుట మేము చూశాము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము రోగిని ఏ విధముగానైనా గొలుసులతో కట్టకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా ఎంచి శిక్షించకుండ, ఆదరణ చూపవలెనని కూడ ఆ చట్టము చెప్తున్నది. "పోలీసు కేసు అవుతుంది" అని భయపడి ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగిపోకండి.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కాదు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువమందికి వైద్యము అందడము లేదు. ఇరవై ఇండ్ల సంఘమైనా సరే, మీ సంఘములో కూడ ఉన్నారని ఎంచుకోండి.

ఈ నెల చేయవలసినది

మీ ఇంటిలో గాని, పక్క ఇంటిలో గాని ఒకరు రెండు వారములకు పైగా నిద్ర, తిండి మానివేసి, మనుష్యులకు దూరముగా ఉంటే, ముందుగా అడగండి, వినండి. చావు ఆలోచన ఉన్నదని అనుమానము వస్తే తిన్నగా అడగండి. అడిగినందువలన లేని ఆలోచన పుట్టదని వైద్యులు గట్టిగా చెప్తున్నారు. అడిగితే బరువు దిగుతుంది. ఆలోచన ఉన్నదని తెలిస్తే ఆ మనిషిని ఒంటరిగా విడిచిపెట్టకండి. సేద్యపు ఇండ్లలో పురుగుమందులు ఉంటాయి. వాటిని తాళము వేసిన చోట, వీలైతే ఇంటికి దూరముగా ఉంచండి. నందిగామలో గాని జగ్గయ్యపేటలో గాని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుని వెళ్ళండి. అవసరమైతే విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉన్నది. ఆపద సమయములో 108కి ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. పగలైనా రాత్రైనా ఉచితముగా, తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరు మీ బైబిలు అట్ట లోపల వ్రాసుకోండి.

దిగులుకు ఇచ్చే మందు గుణము కనబడడానికి రెండు నుండి నాలుగు వారములు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు రోజులు వేసి పనిచేయలేదని గాని, బాగైనదని గాని సొంతముగా ఆపకూడదు. డాక్టరుగారు ఆపమన్నప్పుడే ఆపాలి.

మా సంఘములో ఇప్పుడు ఇంటి దర్శనమునకు వెళ్ళేవారము ఒక కట్టుబాటు చేసుకున్నాము. ఇద్దరికి మించి వెళ్ళము. మొదట కూర్చుని, ఎట్లా ఉన్నదో అడిగి వింటాము. తరువాత ఆ ఇంటివారు కోరితే ప్రార్థన చేస్తాము, వారు చెప్పిన సంగతుల కొరకే చేస్తాము. మాకు ఇది ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. నాలుక ముందుకు పోతూనే ఉంటుంది.

ఆ రైతు సహోదరుని సంగతి అడుగుతారేమో. అప్పు అంతా తీరలేదు. మరుసటి ఏడు మూడెకరములు కాకుండా ఒక్క ఎకరమే మిరప వేశారు. కొడుకు చదువు ఆగలేదు. మందులు చాలాకాలము వాడారు, తరువాత డాక్టరుగారే తగ్గించారు. డప్పు మళ్ళీ పట్టుకున్నారు. కిందటి నెల ఒక యౌవనస్థుడు ఆరాధన అయిన తరువాత గుడి మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉండగా, ఈయన వెళ్ళి పక్కన కూర్చున్నారు. మేము తలుపులు మూసి తాళము వేసి వచ్చేవరకు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఈయన ఏమీ మాట్లాడడము లేదు. ఆ పిల్లవాడు మాట్లాడుతున్నాడు.

ఆదరణకు కర్తయగు దేవుడు మీ ఇండ్లలో వినే చెవులను, ఓర్చుకొను మనస్సును దయచేయును గాక. ఆమేన్.